ఎదురుకాళ్ళ వైద్యం

ఆ రోజుల్లో మనిషికి నడుము పట్టిందంటే ఎముకల ఫొటోలు తీయించుకోవడం, బెల్టు బిగించుకోవడం, మూడుపూటలా మాత్రలు మింగడం లాంటి వైభోగాలు ఏవీ లేవు. వీధిలో ఎదురుకాళ్ళతో పుట్టినవాడు ఎవడున్నాడా అని వెతికేవారు. అంటే తల్లి కడుపులోంచి తల బదులు కాళ్ళు ముందు పెట్టి బయటికి వచ్చినవాడన్నమాట. వాణ్ణి పిలిచి, పట్టిన నడుము మీద మూడుసార్లు తన్నించుకుంటే పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం. ఇప్పుడు చెబుతున్నాను, రాసి పెట్టుకోండి: ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా ఆ కాలంలో ఈ నా కుడికాలికి ఉన్న పేరు ఇంకే కాలికీ లేదు. దేవనకొండ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. నందవరం బస్సు మా వీధి మలుపులో ఆగేది. వంకర్లు తిరిగి వచ్చినవాళ్ళు నా గడప దాటి వెళ్ళేటప్పుడు జెండా కర్రల్లా వెళ్ళేవారు. (బండ్లు అని రాశాను గానీ ఒక్కటే బండి. అది కూడా శనగచెక్క వేసుకుని ఎటో పోతూ దారి అడగడానికి ఆగింది. నందవరం బస్సు అక్కడ రోజూ ఆగుతుంది, అది దాని స్టాపు.) సరే, ఎంతమందిని బాగుచేశానన్నది పక్కన పెడదాం. ఒక్కణ్ణి మాత్రం తన్నాను. ఆ మూడు తాపుల కథే ఇది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఎమ్మిగనూరులో ఓ మగ్గాల షెడ్డులో చీరలు నేసేవాణ్ణి. గుంత మగ్గం చూడనివాళ్ళ కోసం ఒక్క మాట. నేలలో గుంత తవ్వి ఉంటుంది. దాని అంచున కూర్చుని, కాళ్ళు గుంతలోకి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలను ఒకదాని తరువాత ఒకటి తొక్కుతూ ఉండాలి. ఒక చెయ్యి తాడు లాగుతుంటే పోగు మోసే నాడె అటూ ఇటూ పరుగులు తీస్తుంది, రెండో చెయ్యి పోగును దగ్గరికి కొడుతుంది. అన్నీ కదులుతాయి, నడుము తప్ప. అది పొద్దున ఎలా వంగిందో సాయంత్రానికీ అలాగే వంగి ఉంటుంది. అందుకే మా షెడ్డులో నలభై దాటిన ఎవరైనా గుంతలోంచి లేచేటప్పుడు ముందు దేవుణ్ణి, తరువాత మోకాళ్ళను, ఆ తరువాత మేస్త్రిని తిట్టేవారు.

తానూ ఒక గుంతలో నేస్తూనే మమ్మల్ని అదిలించే ఆ మేస్త్రే మా మామ. అప్పటికింకా మామ కాడు. వరసకు అలా అవుతాడని అందరిలాగే నేనూ 'మామా' అనేవాణ్ణి, కాకపోతే అందరికంటే కొంచెం ఎక్కువ ఆశతో అనేవాణ్ణి. కారణం ఆయన కూతురు. ఇంట్లో రాట్నం మీద కండెలు చుట్టి, నూలు నిండిన ఆ చిన్న గొట్టాలను గంపలో పెట్టుకుని వచ్చి మగ్గం మగ్గానికీ ఇచ్చి పోయేది. నాకు కండెలు అందరికంటే తొందరగా అయిపోయేవి. పొద్దున ఇచ్చినవి మధ్యాహ్నానికే అయిపోయాయని కేకవేసేవాణ్ణి. మామ ఒకరోజు నా మగ్గం దగ్గర నిలబడి నేసిన గుడ్డను జానతో కొలిచి చూశాడు. "ఏం రా, నువ్వు నేస్తాండావా, నూలు తింటాండావా?" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. గంప పట్టుకుని నిలబడిన ఆ పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు నా మీద కాదు, నా కోసం అని నేను చాలా ఏళ్ళు నమ్మాను.

ఇంతలో పిడుగు లాంటి కబురు. ఆ పిల్లను ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసే అబ్బాయికి ఇవ్వబోతున్నారట. వచ్చే గురువారం మామ ఆదోనికి పోయి తాంబూలాలు మార్చుకుని వస్తాడట. నాకు అన్నం సహించలేదు. (ఒక పూట. రాత్రికి బొరుగుల ఉగ్గాని చేశారు, అది వేరే సంగతి.) దేవుడు నా మొర ఎలా విన్నాడో తెలియదు, శనివారం మధ్యాహ్నం మామ పడుగు చుట్టిన దూలాన్ని ఒక్కడే ఎత్తబోయాడు. 'కటుక్కు' అని శబ్దం. దూలం విరిగిందనుకున్నాం. మామ వంగినవాడు వంగినట్టే ఉండి, నేల చూస్తూ, "ఒరే, నన్ను ఎవురైనా పట్టుకోండ్రా" అన్నాడు.

ఇంటికి మోసుకుపోయి చాప మీద పడుకోబెట్టాం. ఆకు కట్టమన్నవాళ్ళు కొందరు, ఇటుక కాచి పెట్టమన్నవాళ్ళు కొందరు. చివరికి ఒక పెద్దావిడ, "ఎదురుకాళ్ళోన్ని పిలిచి తన్నించండప్పా, ఒక్కదెబ్బకు పోతాది. మన వీధిలో అట్ల పుట్టినోడు ఎవడుండాడు?" అంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ క్షణంలో నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకుంది. "నేనే" అన్నాను. ఎందుకన్నానంటే, ఆ ఇంట్లో కాలు పెట్టడానికి అంతకంటే మంచి దారి నాకు తోచలేదు. పైగా తన్నినవాడికి కాఫీ అయినా ఇస్తారు, ఇచ్చేది ఆ పిల్లే అవుతుంది. మామ చాప మీద నుంచి ఒక కన్ను తెరిచి, "నువ్వా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత అపనమ్మకం ఉందో ఈనాటికీ కొలవలేను. కానీ నొప్పి మనిషిని ఎవరినైనా నమ్మేలా చేస్తుంది. మరునాడు ఆదివారం పొద్దున్నే రమ్మన్నారు.

ఇంటికి పోయి దిండును నేల మీద వేసి తన్నడం సాధన చేస్తుంటే మా అమ్మ చూసింది. "దిండు ఏం పాపం జేసింది రా?" అంది. విషయం చెప్పక తప్పలేదు. అమ్మ చేటలో జొన్నలు చెరగడం ఆపి, "ఎదురుకాళ్ళా! ఎవురు సెప్పినారు నీకు? తలకాయతోనే పుట్టినావు. ఆ తలకాయే ఇంత లావుండి నా పానాలు తోడేసినావు. కాళ్ళతో వచ్చింటే సగం కష్టం తప్పేది" అంది. "మెల్లగా మాట్లాడు అమ్మా" అన్నాను. "అంత లావు తలకాయలో ఏముండాదో ఇప్పుడు తెలిసింది" అని మళ్ళీ చెరగసాగింది.

ఆదివారం మామ ఇంటి ముందు ఉరుకుంద తిరునాళ్ళకు వచ్చినంత జనం. (ఇరవైమంది ఉంటారు. అందులో మేకలు నాలుగు.) మామ వసారాలో బోర్లా పడుకున్నాడు. నడుముకు శనగనూనె దండిగా పూసి ఉంచారు. పద్ధతి ప్రకారం తన్నేవాడు మాట్లాడకూడదు, కుడికాలితో మూడుసార్లు తన్నాలి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. మొదటి తాపు భయంతో మెల్లగా తన్నాను. మామ, "ఏం రా, ఈగను తోలుతాండావా?" అన్నాడు. రెండోది కొంచెం పెంచాను. గుంపులోంచి ఎవడో, "గట్టిగా ఏయప్పా, మళ్ళా మళ్ళా దొరకడు మేస్త్రి!" అన్నాడు. షెడ్డులో మామ చేత తిట్లు తిన్నవాళ్ళంతా ఒక్కసారిగా నాకు ధైర్యం చెప్పడం మొదలుపెట్టారు. తలుపు చాటున గాజుల చప్పుడు వినిపించింది. అంతే, నాలో వీరుడు నిద్రలేచాడు. ఒక అడుగు వెనక్కి వేసి, కాలెత్తి మూడోది ఇచ్చాను. ఆ నూనె సంగతి మరిచిపోయాను. నా కాలు నడుము మీద ఆగకుండా జర్రున పిర్ర మీదికి జారింది, దాని వెనకాలే నేనూ జారాను, వెళ్ళి మామ నడుము మీద పీట వేసుకున్నట్టు కూర్చున్నాను.

మామ పెట్టిన కేకకు మేకలు నాలుగూ పారిపోయాయి. నేను లేచి, మర్యాద తప్పకూడదని, "తగ్గిందా మామా?" అని అడిగాను. అంతవరకూ మామ పక్కకైనా తిరగగలిగేవాడు, ఇప్పుడు అదీ లేదు. "వీన్ని నా కండ్ల ముందర నుంచి తీసేయండప్పా! లేచినానంటే సంపుతా! లేపండి నన్ను! వద్దు, లేపొద్దండి!" అని అరిచాడు. పద్ధతి గుర్తొచ్చి వెనక్కి చూడకుండా బయటపడ్డాను.

సందు చివర ఆ పిల్ల పెరటి దారిన వచ్చి ఎదురైంది. నాతో ఒంటరిగా మాట్లాడడం అదే మొదలు. ఎన్నో రాత్రులు ఊహించుకున్న సందర్భం. "ఎదురుకాళ్ళతో పుట్టిండేది నిజమేనా?" అంది. "నిజం" అన్నాను. ఆమె నా కాళ్ళ వైపు, తరువాత నా తలకాయ వైపు చూసింది. "అబద్ధం" అన్నాను. "తెలుసు. అయితే విను. ఆదోని తాలీంఖానాలో ఉస్తాదు ఒకాయన ఉండాడంట. కుస్తీ పట్టేటోళ్ళకు కీళ్ళు, కండలు అన్నీ ఆయనే సరిజేస్తాడంట. ఇప్పుడే పో. ఏం జేయాల్నో కనుక్కోని రా. మా నాయన లేసి నిలబడకపోతే నీ మొగం జూడను." ఇప్పుడు నా అవస్థ గమనించండి. మామ లేవకపోతే ఆమె నా ముఖం చూడదు. మామ లేస్తే లేచినవాడు లేచినట్టే ఆదోనికి పోయి తాంబూలాలు మార్చుకుంటాడు. బస్సు ఎక్కి, టిక్కెట్టు తీసుకుని, ఆదోని వచ్చేదాకా ఇదే ఆలోచన. రెండింట్లో ఏది జరిగినా నాకు మిగిలేది సున్నా. అయినా పోయాను. (గొప్పతనం వల్ల కాదు. బస్సులోంచి దూకే ధైర్యం లేక.)

ఉస్తాదు తెల్లగడ్డం, వెడల్పు ఛాతీ, మెత్తని గొంతు. ఎర్రమన్ను, ఆవనూనె కలిసిన వాసనలో కూర్చుని నా కథంతా విన్నాడు. "తన్నింది ఎవురు?" అన్నాడు. "నేనే." "ఎందుకు?" "వైద్యానికి." ఆయన కాసేపు గడ్డం దువ్వుకున్నాడు. "గాడిద భీ తంతాది బేటా. దానికి ఎవురూ హకీం అని పేరు పెట్టలేదు." తరువాత వరుసగా ప్రశ్నలు. కాళ్ళు మొద్దుబారినాయా, జ్వరముందా, ఉచ్చ పోయేది సరిగ్గా ఉందా. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా తన దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. అవేవీ లేవని చెప్పాక, "మీ మామ దినమంతా ఎట్ల కూసుంటాడో సూపించు" అన్నాడు. గోడవార గట్టు మీద కూర్చుని, కాళ్ళు ముడిచి, వంగి, లేని మగ్గం నేసి చూపించాను. ఉస్తాదు వచ్చి నా తొడ ముందరి కండను, పిర్ర పక్కన ఒక చోటును బొటనవేలితో అదిమాడు. నాకు పైలోకాలు కనిపించాయి. ఇరవై రెండేళ్ళవాడికే అలా ఉంటే యాభై ఏళ్ళవాడి సంగతి ఏమిటి?

"సూసినావా? అరిసేది నడుము, గుంజేది తొడ. దొంగ ఒకచోట, కేక ఒకచోట. మీరంతా కేక వినొచ్చిన దిక్కు తంతారు" అన్నాడు. మోకాలూ అంతేనట. కిందినుంచి పిక్క, పైనుంచి తొడ బిగుసుకుపోయి మధ్యలో దాన్ని నలిపేస్తాయట. తరువాత నన్నే పడుకోబెట్టి నేర్పించాడు. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు రెండు చేతులతో రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి, రెండో కాలు చాపి ఉంచాలి. పాదానికి తుండుగుడ్డ తగిలించి కాలు నిటారుగా పైకి లాగాలి. మంచం అంచున పడుకుని ఒక కాలు కిందికి వేలాడేస్తే తొడ ముందరి భాగం సాగుతుంది. గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు అంటించి నిలబడితే పిక్క సాగుతుంది. ప్రతిదానికీ పది ఊపిర్లు. కుదుపు వద్దు, పందెం వద్దు. సాగదీశాక గోరువెచ్చని నూనెతో కండను మెల్లగా పిసకాలి. ముడి దొరికిన చోట వేలు పెట్టి, అది కరిగేదాకా ఆగాలి. "ఎంత గట్టిగా నొక్కాల ఉస్తాద్?" అన్నాను. "మనిషి 'అబ్బా' అంటే ఉండు. 'అమ్మా' అంటే వదులు" అన్నాడు. ఇంత సూక్ష్మంగా వైద్యం చెప్పినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. "ఎన్నిరోజులు?" "నెల. తరవాత రోజూ, బతికినన్నాళ్ళు. గంటకొకసారి గుంతలోంచి లేసి నిలబడమను." నెల! నా గుండె గంతులేసింది. నెల రోజులు ఆ ఇంట్లో నాకు పని! గురువారం తాంబూలాలకు మామ ఎలా పోతాడు? ఉస్తాదు కాళ్ళకు దండం పెట్టి, బస్టాండులో ఉగ్గాని, రెండు బజ్జీలు తిని, రాజులా తిరిగొచ్చాను.

అక్కడినుంచి నెల రోజులు నేను చేసిన సేవ మామూలుది కాదు. ఈ రెండు చేతులతో, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, మామ తొడలు, పిక్కలు, పిర్రలు పిసికి పిసికి మెత్తని పిండి చేశాను. (ఇక్కడ ఆగాలి. మామ నన్ను గడప లోపలికి రానివ్వలేదు. పక్కన ఒక చేతికర్ర పెట్టుకుని పడుకునేవాడు, నేను అడుగు ముందుకేస్తే కర్ర లేచేది. నేను గడప బయట పీట వేసుకుని కూర్చుని, ఎలా చెయ్యాలో చెబుతూ ఊపిర్లు లెక్కపెట్టేవాణ్ణి. లోపల చేసింది అత్త, ఆమె కూతురు. నా చేతులు మజ్జిగ చెంబు తప్ప ఇంకేదీ పట్టలేదు.) "ఒకటీ... రెండూ..." అని నేను, "ఎంత మెల్లగా లెక్కపెడ్తాండావు రా పాపిష్టోడా" అని మామ. లోపల ఆ పిల్ల కనిపించినప్పుడు నాకు ఆరు తరువాత మళ్ళీ నాలుగు వచ్చేది.

కానీ పని జరిగింది, అది మాత్రం నిజం. వారానికి మామ గోడ పట్టుకుని లేచాడు. రెండో వారం వీధి చివరిదాకా నడిచాడు. మూడో వారం షెడ్డుకు వచ్చి గుంతలోకి దిగాడు, గంట కాగానే తనే లేచి నిలబడి అందరినీ లేపాడు. ఏళ్ళ తరబడి మెట్లు దిగుతున్నప్పుడల్లా గుచ్చుకునే మోకాలు కూడా తగ్గిందన్నాడు. నెల చివర ఒకరోజు, అందరి ముందూ, "ఆదోని సంబంధం వద్దులేప్పా. ఈ నూలు తినేటోనికే ఇద్దాం" అన్నాడు. కృతజ్ఞత! ఒక గొప్ప మనిషి కృతజ్ఞతకు ఎంత దూరం పోతాడో అనుకుని ఆ రోజు నేను కన్నీళ్ళు పెట్టుకున్నాను.

ఇన్నేళ్ళకు ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, నా మోకాళ్ళు. ఇంకొకరికి అన్ని పాఠాలు చెప్పినవాణ్ణి, నేను మాత్రం ఒక్కరోజూ చెయ్యలేదు. పోయిన నెల మెట్ల మీద కూలబడితే, మా ఇంటామె ఆదోనికి, కీళ్ళకు కసరత్తులు చేయించే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. మనవరాలి వయసు పిల్ల. పాదానికి తువ్వాలు తగిలించి, "మెల్లగా లాగండి తాతా, ఊపిరి బిగపట్టొద్దు" అంది. తరువాత తొడ మీద వేలు పెట్టి ముడి దగ్గర ఆగింది. నేను 'అబ్బా' అన్నాను, తను అలాగే ఉంచింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎర్రమన్ను వాసన వచ్చింది. "ఇది నీకు ఎవురు నేర్పినారమ్మా?" అంటే "కాలేజీలో తాతా" అంది. ఎక్కడి తాలీంఖానా, ఎక్కడి కాలేజీ! గడప బయట పీట మీద, మజ్జిగ మూతితో, ఆరు తరువాత నాలుగు లెక్కపెట్టిన ఆ వెధవను తలచుకుంటే నవ్వొచ్చింది. వాడి మోకాళ్ళు ఎంత బాగుండేవి! వాడికి ఆ సంగతే తెలియదు.

ఊరుకోలేక డాక్టరమ్మకు కథంతా చెప్పాను. తన్నడం, జారడం, ఉస్తాదు, నెల రోజుల సేవ. "మా మామ అంత మొండిమనిషి, నేను నడుము నిలబెట్టినందుకు కూతుర్నే ఇచ్చేసినాడమ్మా" అని ముగించాను. డాక్టరమ్మ నవ్వుతూ మా ఇంటామె వైపు తిరిగి, "నిజమేనా అవ్వా?" అంది.

మా ఇంటామె అప్పటిదాకా సంచిలో మందుచీటీ వెతుక్కుంటూ ఉంది. తలెత్తకుండానే అంది: "ఆయన మాటకేమి లేమ్మా. మా నాయన నడుము బాగైందని ఇయ్యలేదు. నెల దినాలు పిసికింది నేను. ముడి మీద ఏలు పెట్టి, బయట ఈయనకు వినపడకుండా, 'నాయనా, ఆ ఆదోనోడు నాకొద్దు' అంటాంటి. 'మాటిచ్చినాను మే' అన్నప్పుడంతా ఇంకొంచెం నొక్కుతాంటి. 'ఈనికే ఇస్తాలే తల్లీ, ఏలు తీయి' అనేదాకా తీయలేదు."